పరుపు మీకు, పింజారీ తిట్టు మాకు

తెలుగులో మనిషిని తేలిక చేసి తిట్టడానికి చాలా మాటలున్నాయి. అందులో పింజారీ ఒకటి. సినిమాలో విలన్ అంటాడు. హాస్యనటుడూ అంటాడు. బస్టాండులో చిల్లర దగ్గర తగాదా వస్తే అంటారు. చదువుకున్నవాళ్లు కూడా కోపమొస్తే అనేస్తారు. అది ఒక కులం పేరనీ, ఆ పేరుతో లక్షలమంది మనుషులు బతుకుతున్నారనీ తిట్టేవాళ్లలో చాలామందికి తట్టదు. పింజ అంటే దూది పాయ. ముద్దగా ఉన్న పత్తిని పింజలు పింజలుగా విడదీసేవాడు పింజారి. అంటే మీరు రాత్రి పడుకునే పరుపు మెత్తగా ఉండడానికి పగలంతా చెయ్యి నొప్పెట్టేలా పనిచేసినవాడు. అతని పని ఇంట్లోకి వెళ్లింది. అతని పేరు తిట్టయి వీధిలో మిగిలింది.

ఇప్పుడు ఈ సంగతి ఎత్తడానికి కారణం ఉంది. విజయవాడలో పెద్ద రోడ్ల మీది దుకాణాల్లో సహజమైన పరుపులని, ఆర్గానిక్ కాటన్ పరుపులని, రసాయనాలు లేని దిండ్లని అమ్ముతున్నారు. నడుము నొప్పికి మంచిదంటారు, ఒంటికి గాలి ఆడుతుందంటారు, చిన్నపిల్లలకు భద్రమంటారు. వాటిలో నిజముంది. మేము కాదనడం లేదు. కాకపోతే అదేదో బయటి దేశాల నుంచి వచ్చిన కొత్త తెలివి అన్నట్టు అమ్ముతుంటే మాకు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోతోంది. ఈ తెలివి ఇక్కడిదే. పంజా సెంటర్ సందుల్లో, వించిపేటలో, గుడివాడ, పామర్రు, ఉయ్యూరు, అవనిగడ్డ దారుల్లో భుజాన విల్లు వేసుకుని తిరిగినవాళ్లది. ఆ తెలివికి ఒక చరిత్ర ఉంది. అది ముస్లింల చరిత్ర, తెలుగువాళ్ల చరిత్ర, శ్రమ చరిత్ర. మూడూ ఒకటే.

మాకున్న నాలుగు పేర్లు

మమ్మల్ని దూదేకులవాళ్లంటారు, పింజారులంటారు, లద్దాఫులంటారు, నూర్‌బాషీయులంటారు. ప్రభుత్వ జాబితాలోనూ ఈ పేర్లన్నీ పక్కపక్కనే ఉంటాయి. దూదేకుల అచ్చ తెలుగు మాట. దూది ఏకడం, అంతే. లద్దాఫ్‌కి మూలం అరబ్బీలో దూది ఏకేవాడికున్న నద్దాఫ్ అనే పేరు. నూర్‌బాషాని కొందరు వెలుగుల రాజు అని విడదీస్తారు. ఉత్తరాదిన నేతపనివాళ్లకి నూర్‌బాఫ్ అనే పేరుంది, బాఫ్ అంటే పారసీలో నేసేవాడు, అదే మా నోట నూర్‌బాషా అయిందని మరికొందరంటారు. ఏది తీసుకున్నా దాని చివర దూదీ దారమే కనిపిస్తాయి.

అరబ్బీలో దూది ఏకేవాడికి మరో పేరు హల్లాజ్. 'నేనే సత్యం' అన్నందుకు బాగ్దాదులో 922లో ఉరికంబం ఎక్కిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులో ఉన్నది మా వృత్తే. ఆయన ఒక దూదేకులవాణ్ణి పనిమీద పంపి, అతను తిరిగొచ్చేసరికి కొట్లోని దూదంతా ఏకి పెట్టాడని ఒక కథ ఉంది. ఉత్తరాదిన ధునియాలు తమను మన్సూరీలమని చెప్పుకునేది ఆయన పేరుమీదే. మన దగ్గర వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకుల సిద్దయ్యే. బ్రహ్మంగారి మఠానికి వెళ్లి దణ్ణం పెట్టే చేతులు, ఇంటికొచ్చి ఎవరినో పింజారీ అని తిట్టే నోరు ఒకే మనిషివి కావడం మన సమాజానికి ఎందుకు వింతగా అనిపించదు?

1901 మద్రాసు జనాభా లెక్కల్లో తెల్లదొరలు మమ్మల్ని దూది శుభ్రం చేసే, తాళ్లూ నవారూ అల్లే మహమ్మదీయులుగా రాసుకున్నారు. మా ఆచారాలు ముస్లింలవీ హిందువులవీ కలగలిసి ఉన్నాయన్నారు. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద అచ్చేసిన ఏడు సంపుటాల్లోకీ ఆ మాటలే ఎక్కాయి. కలగలుపు అనే మాటలో ఒక చిన్నచూపు ఉంది. కల్తీ అన్నట్టుగా ఉంది. మేము కల్తీ కాదు. మా పిల్లల పేర్లు చూడండి. నాగూర్ దర్గా నుంచి నాగుల్ మీరా, కసుమూరు నుంచి మస్తాన్, పెదకాకాని నుంచి బాజీ, జాన్‌పహాడ్ నుంచి సైదులు. ఈ నేల మీద నడిచిన ఔలియాల పేర్లివి. మా నోటికి వచ్చింది తెలుగు. నమాజు అరబ్బీలో, కన్నీళ్లు తెలుగులో. ఉర్దూ రాదని మమ్మల్ని తక్కువ చేసినవాళ్లు మా మతంవాళ్లలోనే ఉన్నారు. 'తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా' అనే సామెత ఒకేసారి రెండు వైపుల నుంచీ కొడుతుంది. అటు హిందువుల దృష్టిలో తురకలం, ఇటు సయ్యదుల, పఠానుల దృష్టిలో దూదేకులవాళ్లం. పిల్లనిచ్చే దగ్గర, పక్కన కూచోబెట్టే దగ్గర ఆ తేడా కనిపిస్తుంది. ఇస్లాంలో లేని కులం ముస్లింలలో ఉందని మేము చెప్పడం ఎవరికీ ఇష్టముండదు. అయినా చెప్పక తప్పదు.

డెల్టా పంటా డెల్టా పడకా

కృష్ణమ్మకు బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది 1855లో. దాని పాతబడ్డ ఒంటికి బదులుగా ప్రకాశం బ్యారేజీ వచ్చింది 1957లో. ఈ వందేళ్లలో డెల్టా వరిసీమ అయింది. కాలువకింద వరి పండింది. పత్తి మాత్రం మెట్టది. నందిగామ, తిరువూరు వైపు నల్లరేగళ్లలో, గుంటూరు, పల్నాడు చేలల్లో పండేది. కాకినాడ రేవు నుంచి ఎగుమతయ్యేది కాబట్టి కోకనాడ పత్తి అని వ్యాపారులు పిలిచిన పొట్టి పింజ పత్తి, కొంచెం ఎరుపు చాయది, ఈ ప్రాంతానిదే. పొట్టి పింజ సన్న నూలుకు పనికిరాకపోయినా పరుపుకు బాగుంటుంది. తొందరగా అణిగిపోదు.

అందుకని మెట్ట పత్తికీ డెల్టా ధాన్యానికీ మధ్య నడిచే మనిషి కావలసి వచ్చాడు. అతనే దూదేకుల సాయిబు. కోతలయ్యాక, ఇళ్లలోకి ధాన్యం చేరాక, పెళ్లిళ్లు మొదలయ్యేముందు అతని పని మొదలయ్యేది. వానాకాలం పనుండదు. తేమ పట్టిన దూది వింటికి లొంగదు. కూలీ కొంత డబ్బు, కొంత ధాన్యం. పని చేసేది పెరట్లో, లేదంటే పశువుల కొట్టం నీడన. ఆడపిల్లకు సారెలో పెట్టే పరుపూ, జత దిండ్లూ, కొత్త దంపతుల పడకా మా చేతులమీదుగా పోయేవి. పరుపు పడకగదిలోకి పోతుంది. కుట్టినవాడు గడప దగ్గరే ఆగుతాడు.

అయినా పరుపు వెంట మా మాటలు లోపలికి వెళ్లాయి. దిండుకు తొడిగే గలేబు మన గిలాఫే. బాలీసు పారసీ బాలిష్. మంచానికి అల్లే నవారు పారసీ నవార్. చలికి కప్పుకునే రజాయీ, పరుపుకు వేసే టాకా కూడా ఆ దారినే వచ్చాయి. ముస్లింలు బయటివాళ్లని రాత్రిదాకా వాదించి, ఆ తర్వాత గలేబు తొడిగిన బాలీసు మీద తల పెట్టి నిద్రపోయేవాళ్లను ఏమనాలి? తెలుగువాళ్ల పడకను మా పని లేకుండా, మా మాట లేకుండా పరచగలరా?

ఇది సంపన్నుల సంగతి. పరుపు లేని ఇళ్లే ఎక్కువ. డెల్టా కూలీలకు వరిగడ్డి పరుపు, తుంగచాప పక్క. ఊరికి పరుపులు కుట్టిన మా ఇళ్లలోనూ పాతచీరల బొంతలే.

ఇరవై లక్షల రాట్నాలు

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, దేశంలో 20 లక్షల రాట్నాలు అని అక్కడ తీర్మానించారు. పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చిందీ అప్పుడే. భట్లపెనుమర్రులో పుట్టిన వెంకయ్యను పత్తి పరిశోధన వల్ల పత్తి వెంకయ్య అనేవారు. ఇవన్నీ పాఠాల్లో ఉన్నాయి.

పాఠాల్లో లేనిది ఒకటుంది. రాట్నం తిరగాలంటే ఏకు కావాలి. ఏకు రావాలంటే దూది ఏకాలి. ఒక్కో రాట్నం వెనకా ఒక విల్లు చప్పుడుంది. గాంధీ తన ఆత్మకథలో ఖాదీ మొదలుపెట్టిన రోజుల గురించి రాస్తూ, గంగాబెన్ ఒక దూదేకేవాణ్ణి వెతికి పట్టుకున్నదనీ, అతను నెలకు 35 రూపాయలు అడిగాడనీ, అప్పట్లో ఎంత ఇచ్చినా ఎక్కువ అనిపించలేదనీ చెప్పారు. గంగాబెన్ పేరుంది, జీతమెంతో ఉంది. దూదేకినవాడి పేరు లేదు. గాంధీ మీద ఇది ఫిర్యాదు కాదు. ఆయన ఆ పని విలువ గుర్తించారు, తానూ నేర్చుకున్నారు. కానీ చరిత్రలో మేము ఎక్కడ ఉంటామో ఆ ఒక్క వాక్యం చూపిస్తుంది. పని దగ్గర ఉంటాం, పేరు దగ్గర ఉండం. జెండా మీద రాట్నం ఎక్కింది. విల్లు ఎక్కలేదు.

రాట్నమూ, దూదేకే విల్లూ ఈ దేశంలో వ్యాపించడాన్ని ఇర్ఫాన్ హబీబ్ లాంటి చరిత్రకారులు తురుష్కుల రాకతో ముడిపెట్టారు. అంతకుముందే దక్షిణాదిన ఉన్నాయని వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ చర్చ చరిత్రకారులు చేసుకుంటారు. ఎవరు తెచ్చినా, ఆ వింటిని తరాల తరబడి మోసిన భుజం ఎవరిదన్నది మాత్రం చర్చ అక్కర్లేని విషయం.

పరుపు ఎలా మంచిదవుతుంది

దూదేకే విల్లు మనిషెత్తు ఉంటుంది. దానికి నరంతో పేనిన గట్టి తాడు. ఆ తాడును దూది కుప్పలో ఆనించి, బరువైన కొయ్య గుండుతో కొడతారు. తాడు అదిరిన ప్రతిసారీ ముద్దకట్టిన దూది పాయలు పాయలుగా విడి ఎగురుతుంది. దుమ్మూ, నలకా, విరిగిన గింజా కింద రాలతాయి. ఆ దూదిని గలేబులో సమంగా పరిచి, కర్రతో అణిచి, పొడుగాటి సూదితో అడ్డంగా నిలువుగా టాకాలు వేస్తే దూది ఒక పక్కకు జరగదు.

దీని వెనక ఉన్న శాస్త్రం చిన్నదే. దూది మెత్తదనం దూదిలో లేదు, దూది పాయల మధ్య చిక్కుకున్న గాలిలో ఉంది. మనిషి బరువుకు ఏడాది రెండేళ్లలో ఆ గాలి పోయి దూది ఉండలు కడుతుంది. మళ్లీ ఏకితే మళ్లీ గాలి చేరుతుంది. అదే దూది ఏళ్లతరబడి పనిచేస్తుంది. పారేసే వస్తువు కాదు, బాగు చేసుకునే వస్తువు. డెల్టా ఉక్కపోతలో దూది చెమటను పీల్చుకుని ఎండలో వదిలేస్తుంది. అందుకే ఎండబెట్టడం ముఖ్యం. తేమా వెచ్చదనమూ కలిసినచోట కంటికి కనపడని నల్లులాంటి పురుగులు పెరుగుతాయి. ఉబ్బసానికీ, తుమ్ములకీ అవి ఒక కారణమని వైద్యులు చెబుతారు. పరుపును వారానికో పదిరోజులకో ఎండలో వేసి కర్రతో దులపమని మా పెద్దలు చెప్పిందీ అదే.

బూరుగు దూది ఇంకో రకం. దాని పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనంలాంటి పూత ఉంటుంది. నీళ్లు పట్టదు. ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షణ కోట్లలో నింపింది దాన్నే. వడకడానికి పనికిరాదు, దిండుకు దానికి మించింది లేదు. పైగా గట్టుమీది బూరుగు చెట్టుకు ఎవరూ పురుగుమందు కొట్టరు.

పత్తి సంగతి అలా కాదు. సహజం అనే మాట వినగానే నమ్మడానికి లేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని తినేసింది. మందుల మీద మందులు కొట్టి, అప్పుల్లో మునిగి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ నేలమీది పత్తి చెట్టుకు మందు ఎంత పట్టిందో మనకు తెలుసు. కనక పరుపు కొనేవాళ్లు అడగాల్సినవి ఉన్నాయి. దూది ఏ చేనుది? కొత్త దూదా, మిల్లు వ్యర్థమా? తెల్లగా మెరవడానికి మందు వేశారా? రంగురంగుల గుడ్డపేలికలు చీల్చి కలిపారా? అనుమానముంటే చిటికెడు దూది బయటికి తెచ్చి జాగ్రత్తగా కాల్చి చూడండి. అసలు దూది కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. కొబ్బరిపీచు పరుపు అన్నప్పుడు ఆ పీచును అతికించింది ఏమిటో అడగండి. రబ్బరుపాల పరుపు అన్నప్పుడు అది చెట్టు పాలా, పెట్రోలు నుంచి తీసిందా అని అడగండి. ప్రవక్త పడక తోలు పరుపనీ, అందులో ఖర్జూరపు పీచు నింపి ఉండేదనీ హదీసుల్లో ఉంది. అరబ్బు ఎడారిలో ఖర్జూరం దొరికితే ఖర్జూరం, కృష్ణా ఒడ్డున బూరుగు దొరికితే బూరుగు. దగ్గర్లో పుట్టింది, బాగుచేసుకోగలిగింది, మట్టిలో కలిసేది మంచి పడక. పేరుకన్నా ఇది ముఖ్యం.

నిద్ర ఎవరిది, దగ్గు ఎవరిది

ఆరోగ్యకరమైన పరుపు అన్నప్పుడు ఎవరి ఆరోగ్యం? పడుకునేవాడిదేనా? దూది ఏకేటప్పుడు లేచే దుమ్ము ముక్కులోకి, ఛాతీలోకి పోతుంది. జనుము, అవిసె నార దువ్వేవాళ్ల దగ్గునీ ఆయాసాన్నీ ఇటలీ వైద్యుడు రామజ్జినీ మూడు వందల ఏళ్ల కిందటే రాశాడు. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును బిసినోసిస్ అంటారు. సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజున ఛాతీ బిగుసుకుపోతుంది. ఏళ్లు గడిస్తే ఆయాసం స్థిరపడిపోతుంది. మన దేశంలో కార్మికుల నష్టపరిహార చట్టం ఈ జబ్బును వృత్తి జబ్బుగా ఒప్పుకుంది. కాని ఆ చట్టానికి యజమాని కావాలి. వీధుల వెంట తిరిగి పరుపులు కుట్టేవాడికి యజమాని ఎవరు? పరుపు కుట్టించుకున్న ప్రతి ఇల్లూ అతని యజమానే, కాబట్టి ఎవరూ కాదు. విల్లు పోయి కరెంటు ఏకుడు యంత్రం వచ్చింది. చేతినొప్పి తగ్గింది. మూసిన చిన్న గదిలో దుమ్ము తగ్గలేదు. ముక్కుకు కట్టుకునేది ఇప్పటికీ ఒక తువ్వాలే.

ఫోమ్ వచ్చాక పని పోయింది. తేలిక, చవక, వాయిదాల మీద దొరుకుతుంది. కుంగిపోతే బాగుచేయడం కుదరదు, చెత్తకుప్పకే పోతుంది, అక్కడా కుళ్లదు. ఆ పరుపుల వల్ల విల్లు అటకెక్కింది. మా పిల్లలు మెకానిక్కులయ్యారు, డ్రైవర్లయ్యారు, కూలీలయ్యారు, కొద్దిమంది చదువుకున్నారు. కులవృత్తి పోయినందుకు మేము ఏడవడం లేదు. దుమ్ము మింగే పనిని పవిత్రమని కీర్తించి మళ్లీ మా పిల్లల నెత్తిన పెట్టమని అడగడమూ లేదు. వృత్తి పోయినా తిట్టు పోలేదు, ఇదీ మా బాధ.

కాగితాల్లోనూ అదే చిక్కు. 1970లో రాష్ట్రంలో వెనకబడిన కులాల జాబితా వచ్చినప్పుడు మమ్మల్ని బీసీ-బీలో చేర్చారు. 2007లో ముస్లింలలోని వెనకబడిన తెగలకు బీసీ-ఈ కింద 4 శాతం ఇచ్చిన చట్టం వచ్చినప్పుడు మేము అప్పటికే వేరే అరలో ఉన్నాం. అలా ముస్లింల లెక్కలో ఒకచోట, బీసీల లెక్కలో ఒకచోట. 1992 డిసెంబరు 6 తర్వాత 'మీరు తురకలా, దూదేకులవాళ్లా' అని అడిగే గొంతు మారింది. దూదేకులవాళ్లమంటే 'అయితే మీరు మావాళ్లే' అనేవాళ్లు తయారయ్యారు. ఆ మాటలో ప్రేమ లేదు, ఎర ఉంది. తోటి ముస్లింల నుంచి మమ్మల్ని పింజలా విడదీయాలన్న లెక్క ఉంది. దూదిని విడదీయడం మాకు తెలిసిన పని. మనుషుల్ని విడదీసే పనికి మా పేరు వాడుకోనివ్వం. మేము ముస్లింలమే. వెనకబడిన కులమే. తెలుగువాళ్లమే. ఒకటి ఒప్పుకోవడానికి ఇంకొకటి వదులుకోమనడం కుదరదు.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక దూదేకుల ఇంట 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథతో తెలుగు నేలంతా కదిలించాడు. ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగాడు. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. 1997లో కన్నుమూశాడు. ఆయన జీవితకథ పుస్తకానికి పెట్టిన పేరు 'పింజారి'. తిట్టును పట్టుకుని అట్టమీద పేరుగా నిలబెట్టడం అంటే అది. ఆ మాట సిగ్గుపడాల్సింది కాదనీ, తిట్టేవాడే సిగ్గుపడాలనీ ఆ ఒక్క పేరు చెప్పింది.

సహజమైన పరుపు మళ్లీ ఇళ్లలోకి వస్తానంటే మాకు సంతోషమే. అయితే అది ఒంటరిగా రాకూడదు. దూది ఏకే గదికి గాలీ వెలుతురూ, దుమ్ము లాగే పంకా, పనిచేసేవాళ్లకు ముసుగులూ, ఛాతీ పరీక్షలూ రావాలి. నైపుణ్యానికి తగిన కూలీ రావాలి. లాభమంతా అద్దాల దుకాణానికీ దుమ్మంతా మా సందుకూ మిగిలే పాత ఏర్పాటు కొత్త పేరుతో రాకూడదు. పాఠ్యపుస్తకాల్లో రాట్నం పక్కన విల్లు బొమ్మ వెయ్యాలి. సినిమాలో, నిఘంటువులో, నాలుక మీద పింజారీ అనే మాట వృత్తి పేరుగా మాత్రమే మిగలాలి. ఇవి పెద్ద కోరికలు కావు. తరతరాలుగా మీ నిద్రను మెత్తబరిచినవాళ్లం, మా పేరును మాకు శుభ్రంగా తిరిగి ఇమ్మని అడుగుతున్నాం.